పన్నెండో బోల్టు

నల్లటి ఆయిలు ధార సన్నబడి, దారమై, ఇప్పుడు చుక్కచుక్కగా పళ్లెంలోకి దిగుతోంది, ఇక విప్పొచ్చు, అయినా మేస్త్రీ ఇంకాస్త కారనీ, తొందరేముంది అని తనకు తానే చెప్పుకుంటూ, లిఫ్టు మీద ఎత్తిపెట్టిన ఎర్రకారు కింద చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ముప్పై ఏళ్లుగా ఇంజిన్లు విప్పుతున్నవాడికి ఆయిలు ఎంతసేపట్లో కారుతుందో తెలియదా? తెలుసు. తెలిసే నిలబడ్డాడు. షెడ్డులో ఎవరూ లేరు, ఎవరూ లేకుండా తనే చేసుకున్నాడు, గాస్కెట్టు తెమ్మని బావమరిదిని ఊరి ఆ చివరికి తోలాడు. ఆ గాస్కెట్టు పక్కవీధిలోనే దొరుకుతుంది, ఆ సంగతి బావమరిదికీ తెలుసు, “అంతదూరం ఎందుకు బావా, ఇక్కడే ఉందిగా” అన్నాడు కూడా, “చెప్పింది చెయ్యి” అని కసిరితే తల గోక్కుంటూ వెళ్లిపోయాడు. పాపం వాడికేం తెలుసు. ఆరేళ్లుగా వాణ్ణి కసురుతూనే ఉన్నాడు, ఎందుకో వాడికీ తెలియదు, వాడి అక్కకూ తెలియదు, “మా తమ్ముడు ఏం పాపం చేశాడని అలా గుడ్లురుముతావు?” అని ఆవిడ అడిగినప్పుడల్లా మేస్త్రీ కంచంలో అన్నం కలుపుకుంటాడు. చుక్క. ఇంకో చుక్క. గోడ గడియారంలో పన్నెండూ పది. ఒంటిగంటకు ఫోన్ చేస్తానంది డాక్టరమ్మ, కళ్ల డాక్టరు, ఈ కారు ఆవిడదే. ఒంటిగంటలోగా తేలిపోవాలి, అటో ఇటో.

ఈ జాతి ఇంజిన్లకు ఒక పాడుగుణం ఉంది. లోపల ఆరు కనెక్టింగ్ రాడ్లు తాము తిప్పే ఇరుసును, క్రాంకును పట్టుకునే చోట బేరింగులుంటాయి, గుండ్లు తిరిగే బేరింగులు కావు, అరచేతిలో ఇమిడే వంపు రేకులు, రెండు కలిపితే ఒక గాజు. ఆ రేకుకూ క్రాంకుకూ నడుమ వెంట్రుక మందాన ఆయిలు పొర, అంత బలమూ ఆ పొర మీదే నడవాలి. రేకు అరుగుతుంది, అరుగుతున్నట్టు చెప్పదు, చెప్పిన రోజున రాడ్డు ఇంజిన్ గోడ పగలగొట్టుకుని బయటికొస్తుంది. అందుకే తెలిసినవాళ్లు చెడకముందే మార్పించేస్తారు. “పన్ను పుచ్చకముందే చూపించుకోవడమన్నమాట” అని నవ్వింది డాక్టరమ్మ, “మీరు మార్చాలంటే మార్చేద్దాం మేస్త్రీగారూ. మా అమ్మాయికి లైసెన్సొచ్చింది, సోమవారం నుంచి కాలేజీకి ఇందులోనే వెళ్తానంటోంది, ఆ కొండదారిన.” కొండదారి అనగానే మేస్త్రీ టీ గ్లాసు కింద పెట్టేశాడు. గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నట్టు, “ఇంజిన్‌లో ఏం లేదమ్మా, ఏం లేదు, ముందుజాగ్రత్తకే” అన్నాడు, ఆవిడ అడగకుండానే. ఏం లేదని ఎలా తెలుసురా నీకు? లోపలికెళ్లి చూసొచ్చావా?

ముందు ఆయిలు ఫిల్టరు చూద్దాం. ఫిల్టరులోని మడతల కాగితాన్ని చాకుతో కోసి, తెల్లటి అట్ట మీద పరిచి, పిండి, దీపం వంచాడు. మెరుస్తున్నాయి. నాలుగా, అయిదా, కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూస్తే తొమ్మిది, ఒక్కోటీ ఆవగింజలో పావు వంతు లేదు. అయస్కాంతం ఆడించాడు, ఒక్కటీ అతుక్కోలేదు, అతుక్కున్నా బాగుండేది, ఇనుమైతే ఇంకెక్కడిదో అనుకునేవాడు, అతుక్కోలేదంటే బేరింగుదే. బూడిదరంగైతే పైపొర, ఇన్నేళ్లు తిరిగాక అది మామూలే, రాగిరంగైతే లోపలిపొర, అది మామూలు కాదు. దీపం అటు వంచితే బూడిద, ఇటు వంచితే రాగి, ఏ వంపు నిజమో తెలిసి చావదు. తన పాప బడి పనికని అట్ట మీద చల్లే తళుకు కూడా ఇలాగే ఉంటుంది, మొన్న ఇల్లంతా చల్లి పెట్టింది, చొక్కాకి అంటుకుని తనతోపాటు షెడ్డుకొచ్చిందేమో, ఇది అదేనేమో, అవును, అదే అయ్యుంటుంది అని ఒక్క క్షణం నిజంగానే నమ్మాడు, నమ్మినందుకు సిగ్గుపడ్డాడు. యాభయ్యేళ్లకు దగ్గరపడ్డ మేస్త్రీ, ఆరేళ్ల పిల్ల తళుకు వెనక దాక్కుంటున్నాడు. ఆ పిల్లనే పుట్టగానే అద్దాలపెట్టెలో పెట్టారప్పుడు, పిడికెడంత ఉండేది, ముట్టుకోవద్దంది నర్సు, ఎన్నిసార్లు కడిగినా గోళ్లలో గ్రీసు పోదు కదా, ఆ చేతులు వెనక్కి దాచుకుని మూడురోజులు ఆ అద్దం ముందు నిలబడ్డాడు, పొట్ట ఎగరడం చూస్తూ, ఎగిరింది, ఎగిరింది, మళ్లీ ఎగిరింది. ఆ మూడురోజుల్లో బోల్టు ఒక్కసారైనా గుర్తొచ్చిందా? రాలేదు. అందుకు మాత్రం తనను తాను తప్పుపట్టుకోడు. తప్పంతా ఆ తర్వాత చేసిందే.

ఆరేళ్ల కిందట ఇదే కారు, ఇదే పని. డాక్టరమ్మ అప్పుడే ఎవరో వాడి వదిలేసిందాన్ని కొనుక్కుంది, ఎందుకైనా మంచిది బేరింగులు కొత్తవి వేసేద్దామన్నాడు తను. రాడ్డుకు రెండు బోల్టులు, ఆరు రాడ్లకు పన్నెండు. ముందు కొలత రెంచీతో అన్నిటినీ సమంగా పట్టించాలి, అసలు బిగింపు ఆ తర్వాత, ఒక్కోదాన్నీ డిగ్రీల లెక్కన ఇంకొంత తిప్పాలి, ఆ తిప్పుకే బోల్టు సాగి పట్టు దొరుకుతుంది, అది లేకపోతే బిగిసినట్టు కనిపిస్తుంది గానీ బిగిసి ఉండదు. తిప్పిన మరుక్షణం బోల్టు తల మీంచి రాడ్డు మీదికి పసుపురంగుతో ఒక గీత. “బిగించిన చెయ్యే గీత గియ్యాలిరా” అనేవాడు పని నేర్పిన ముసలిమేస్త్రీ, “ఒకడు తింటే ఇంకొకడు చెయ్యి కడుక్కుంటాడా?” పదకొండు తిప్పాడు, పదకొండు గీతలు గీశాడు, పన్నెండోదాని తల మీద రెంచీ సాకెట్టు కూర్చోబెట్టి, ఎన్ని డిగ్రీలు తిరిగిందో చూపే బిళ్లను సున్నాకి తెచ్చాడు, జేబులో ఫోను వణికింది. పక్కింటావిడ. “మీ ఆవిడకి నొప్పులొస్తున్నాయి, ఆసుపత్రికి తీసుకెళ్తున్నాం, ఉన్నపళంగా రా నువ్వు.” నెలలు నిండకుండానే, ఏడు వారాలు ముందుగా. బండి తాళం దొరకకపోవడం గుర్తుంది, ఒక కాలి చెప్పు షెడ్డులోనే వదిలేయడం గుర్తుంది, సిగ్నలు దగ్గర పక్కబండివాడు తన ఒంటిచెప్పు చూసి నవ్వడం గుర్తుంది, ఆ సాకెట్టు మీద చెయ్యి ఒక్క తిప్పు తిప్పిందా, తిప్పకుండానే వదిలేసిందా అన్నది మాత్రం గుర్తులేదు. ఎన్నిసార్లు తవ్వినా లేదు. ఒక్కోరోజు తిప్పినట్టే ఉంటుంది, మణికట్టులో ఆ బిగువు తెలుస్తుంది, ఇంకోరోజు అది పదకొండోదాని బిగువేమో అనిపిస్తుంది.

మూడోరోజు సాయంత్రం షెడ్డుకొస్తే ఇంజిన్ మూసేసి, ఆయిలు పోసేసి, కారు కడిగి వాకిట్లో పెట్టి ఉంది. బావమరిది మొహం మతాబాలా వెలిగిపోతోంది, మేనమామనయ్యానన్న సంబరం ఒకటి, బావ లేకపోయినా పని ఆగలేదన్న గర్వం ఒకటి. “పన్నెండోదానికి గీత గియ్యడం మర్చిపోయావు బావా, నేనే గీసేశాలే” అన్నాడు.  అప్పుడు మేస్త్రీ అడగాలి, గీసేముందు తిప్పి చూశావా అని. అడగలేదు. చూళ్లేదని వాడంటే అంతా మళ్లీ విప్పాలి. అడగక ముందే డాక్టరమ్మ రానే వచ్చింది, పాప ఎలా ఉందని ముందు అడిగింది, కారు సంగతి తర్వాత. ఇంకొక్కరోజు ఉంచండమ్మా. రెండే మాటలు. అవి పెదాల దాకా వచ్చి ఆగిపోయాయి, మూడు రోజులుగా కంటి మీద కునుకు లేదు, ఇంటికెళ్లి ఒళ్లు వాల్చాలి, తిప్పే ఉంటానులే అనుకున్నాడు, తాళాలు చేతిలో పెట్టేశాడు. ఆ ‘తిప్పే ఉంటానులే’ ఆరేళ్లుగా చెవిలో జోరీగ.

ఏటా పాప పుట్టినరోజున పొద్దున్నే డాక్టరమ్మకు ఫోన్ చేస్తాడు. బండెలా ఉందమ్మా, చప్పుడేమైనా వస్తోందా, స్టీరింగు ముందు ఆయిలు దీపం వెలుగుతోందా? ఆవిడ మురిసిపోతుంది. ఏడాదికోసారి తనంతట తనే ఫోన్ చేసి కనుక్కునే మేస్త్రీని ఎక్కడైనా చూశారా అని కనిపించిన ప్రతివాళ్లకీ చెప్పింది, ఇవాళ షెడ్డుకొచ్చే బళ్లలో సగం ఆవిడ పంపినవే. భయపడి చేసిన ఫోన్లకు బుద్ధిమంతుడని పేరు. ఇంతకన్నా వెటకారం ఉంటుందా! పేపరు తీస్తే ముందు ప్రమాదాల పేజీ, ఎర్రకారు అన్న మాట కనిపిస్తే, కారుకు ఇంకో పేరో ఇంకో ఊరో కనిపించేదాకా టీ తాగడు. దొంగకు తేలు కుట్టినట్టు, అరవడానికి లేదు, ఊరుకోవడానికి లేదు. “కూతురి పుట్టినరోజునాడు నీ మొహం చూస్తే ఎవరో పోయినట్టుంటుంది” అంటుంది వాళ్లావిడ, ఆ అద్దాలపెట్టె రోజులు తలుచుకుంటున్నాడేమోనని ఆవిడే మళ్లీ జాలిపడుతుంది, ఆ జాలి ఇంకో శిక్ష. పోయినసారి పాప కేకుముక్క నోటికందిస్తూ అడగనే అడిగింది, “నేను పుట్టిన రోజంటే నీకు భయమా నాన్నా?” “ఛ, ఎవరన్నారమ్మా” అన్నాడు. ఆ ముక్కలో సగం తిరిగి పాప నోట్లోనే పెట్టాడు.

పన్నెండున్నర. అడ్డుగా ఉన్న చట్రం పొద్దున్నే దించి పెట్టాడు కాబట్టి ఇక ఇంజిన్ అడుగున ఆయిలు చాంబరు ఒక్కటే, ఇరవై చిన్న బోల్టులు, విప్పి, రెండు చేతులా దించి, నేలమీద పెట్టి, దీపం పైకెత్తాడు. ఉన్నాయి. పన్నెండు పసుపుగీతలు, ఆరేళ్ల ఆయిల్లో నాని తేనెరంగుకు తిరిగాయి, ఒక్కటీ తెగలేదు. అమ్మయ్య అనబోయి నాలుక కరుచుకున్నాడు. గీత తెగలేదంటే గీసిన తర్వాత బోల్టు కదల్లేదని, అంతే, గీయకముందు బిగించారని కాదు. పదకొండు గీతలు సన్నగా తనవి, పన్నెండోది లావుగా, ఒత్తుగా, బావమరిదిది, బడిలో అక్షరాలు దిద్దినంత శ్రద్ధగా గీశాడు వెధవ. వాడి తప్పేముంది. ఉంది, ఎందుకు లేదు, తిప్పి చూడకుండా గీస్తాడా ఎవడైనా. కానీ బావ చేసిన పనిని తిప్పి చూడటమంటే బావను శంకించడం కదా, వాడి లెక్కలో. తనమీద నమ్మకంతో గీశాడు వాడు. తనమీద నమ్మకంతో నడిపింది ఆవిడ. అందరికీ తనమీద నమ్మకమే, తనకొక్కడికే లేదు.

మొదటి బోల్టుకు పొడుగు రెంచీ వేసి లాగాడు. టక్. సాగి బిగిసిన బోల్టు వదిలేటప్పుడు అలాగే అంటుంది, వేళ్లు విరుచుకున్నట్టు. రెండోది, టక్. విప్పిన రేకులు వరసతప్పకుండా అట్టమీద పెడుతున్నాడు, ఒకటి, రెండు, మూడు, బూడిదరంగు, చక్కగా, సమంగా అరిగాయి, మంచి బేరింగులు, మంచి పని, ఎవరు చేశారో గానీ అని తనే నవ్వుకున్నాడు, నవ్వు మధ్యలోనే ఆగింది. ఇలా చూస్తే ఎవరికీ ఏమీ తెలియక్కర్లేదు. సాగిన బోల్టులు మళ్లీ వాడరు, పన్నెండూ పాత ఇనుములోకి పోతాయి, ఏది తిప్పింది ఏది తిప్పనిది అని పాత ఇనుమువాడు అడుగుతాడా? కొత్త బోల్టులు, కొత్త రేకులు, కొత్త గీతలు, సోమవారానికి కారు వాకిట్లో. అంతే కదా. అంతే కాదు. పన్నెండోది వదులుగా ఉండి ఉంటే ఆ రాడ్డు తొర్ర గుండ్రం తప్పి ఉంటుంది, క్రాంకు గీసుకుపోయి ఉంటుంది, దానిమీద కొత్త రేకు వెయ్యడమంటే కుళ్లిన చెక్కకు రంగు వెయ్యడమే, ఇంజిన్ మొత్తం దించి కొలవాలి, దించాలంటే ఎందుకో చెప్పాలి, చెప్పకుండా మూసేస్తే సోమవారం ఆ పిల్ల కొండదారిన. పద్దెనిమిదేళ్ల పిల్ల. అదీ ఒకరికి పిడికెడంతగా పుట్టిందే. ఏడు, టక్. ఎనిమిది, టక్. ప్రతి టక్‌కూ ప్రాణం లేచొస్తోంది, ప్రతి టక్ తర్వాతా పన్నెండోది ఒక అడుగు దగ్గరకొస్తోంది. పదకొండు, టక్.

పన్నెండోదాని మీద సాకెట్టు కూర్చోబెట్టాడు. చెమట కంట్లోకి దిగింది. లాగితే తెలిసిపోతుంది. గట్టిగా ఉంటే ఎవరికీ చెప్పడు, తనకు తెలుసు, ఆరేళ్ల భయం ఒక్క టక్‌తో వదిలిపోతుంది, సాయంత్రం పాపకు ఏదో ఒకటి కొనుక్కుని ఇంటికెళ్తాడు, ఆవిడ పొగుడుతూనే ఉంటుంది, తను పొగిడించుకుంటూనే ఉంటాడు. వదులుగా ఉంటే? అప్పుడు చెప్తావా? చెప్తాను. చెప్తావా? తన సంగతి తనకు తెలియంది కాదు, ఇంకొక్కరోజు ఉంచండమ్మా అన్న రెండు మాటలు రానివాడికి ఇంత మాట వస్తుందా, ఒక్కడే ఉన్నప్పుడు విప్పితే ఒక్కడే మూసేస్తాడు. జేబులో ఫోను వణికింది. అదే జేబు, అదే తొడ, అదే బోల్టు.  ఒంటిగంట కొట్టింది, డాక్టరమ్మ మాటంటే మాటే. ఈసారి ఏం చేస్తున్నాడో కళ్లతో చూస్తూ చేశాడు: రెంచీ లాగలేదు, సాకెట్టు బయటికి తీశాడు, బల్లమీద పెట్టాడు, చెయ్యి తుడుచుకున్నాడు, అప్పుడు ఫోనెత్తాడు.

“ఏం మేస్త్రీగారూ, అంతా బాగానే ఉందా?”

“మీరొకసారి రావాలమ్మా.”

“ఇప్పుడా? ఏమైంది?”

“ఏమైందో మీ ముందు విప్పి చూస్తాను. నేనొక్కణ్ణే చూడకూడదు.”

రెండు వీధుల అవతలే ఆసుపత్రి, తెల్లకోటుతోనే వచ్చేసింది. షెడ్డులో ఒక్క కుర్చీ ఉంది, దాన్ని తుడవబోతే వద్దని కారు కిందికే వచ్చి పక్కన నిలబడింది. మేస్త్రీ చెప్పాడు. సాకెట్టు, ఫోను, పక్కింటావిడ, మూడురోజులు. గీత దగ్గరకొచ్చేసరికి “అది మా బావమరిది...” అని నాలుక జారబోయింది, పట్టుకున్నాడు. “తప్పు నాదమ్మా. అడగాల్సింది నేను. ఆపాల్సింది నేను. అనుమానం పెట్టుకునే తాళాలిచ్చాను మీకు.” ఆవిడ తలెత్తింది. పైన ఆ పన్నెండోదాన్నే చూస్తోంది.

“మా అమ్మాయి పక్కసీట్లో నిద్రపోయేది, తెలుసా మీకు? కారెక్కితే చాలు నిద్రపోయేది.”

మేస్త్రీ దీపాన్ని పన్నెండోదాని మీదికి తిప్పాడు.

“ఏటా ఫోన్ చేసింది ఇందుకా?”

“ఇందుకేనమ్మా.”

“నేను ఊరంతా చెప్పుకున్నాను.” అంది ఆవిడ, అది కోపమో, అంతకన్నా చెడ్డదో. “విప్పండి.”

సాకెట్టు ఎక్కించి లాగాడు. టక్ అనలేదు. సీసా మూతలా, మెత్తగా, చప్పుడు లేకుండా తిరిగింది. ఆ చప్పుడు లేకపోవడం ఇద్దరికీ వినిపించింది. మేస్త్రీ రేకు తీసి దీపం కింద పెట్టాడు. ఒక పక్కంతా రాగి. ఎర్రగా, నిగనిగలాడుతూ, నడుమ ఒక లోతైన గీత. ఆవిడ వేలితో దాన్ని తడిమింది, కన్ను పరీక్షించే మనిషి వేలు, ఎక్కడా గట్టిగా ఆనలేదు.

“ఇంకెన్నాళ్లు ఆగేది?”

“తెలియదమ్మా. కొండదారిలో అయితే...” ఆ మాట పూర్తి చెయ్యలేకపోయాడు, ఏడుపొచ్చేసింది. ఆరేళ్లలో మొదటిసారి. ఆవిడ ఓదార్చలేదు, వెళ్లిపోనూలేదు, అతను ముక్కు తుడుచుకునేదాకా ఆ రేకు పట్టుకుని నిలబడింది.

“ఏం చెయ్యాలిప్పుడు?”

“ఇంజిన్ దించాలి. క్రాంకు తీసి కొలిపించాలి, ఆ రాడ్డు మార్చాలి. సోమవారానికి కాదు. నెల పట్టొచ్చు. ఇంకెవరి దగ్గరకైనా తీసుకెళ్తానంటే నేనే బండెక్కించి పంపిస్తాను, ఏమీ అనుకోను.”

ఆవిడ కొళాయి దగ్గరకెళ్లి చేతులు కడుక్కుంది, ఆపరేషనుకు కడుక్కున్నట్టు మోచేతుల దాకా, తొందరలేకుండా. మేస్త్రీ ఆవిడ వీపు చూస్తూ నిలబడ్డాడు, వెళ్లిపోతుంది, వెళ్లిపోవాలి కూడా, తనైనా అదే చేసేవాడు. బయట బావమరిది బండి ఆగిన చప్పుడు. “దొరికింది బావా గాస్కెట్టు!” అని వాకిట్లోంచే కేక, ఇప్పట్లో అక్కర్లేని గాస్కెట్టు. ఆవిడ చేతులు విదిలించుకుని ఇటు తిరిగింది.

“దించండి. మీరే చెయ్యండి. బిగించేరోజు మాత్రం నాకు చెప్పండి, సెలవు పెట్టి వస్తాను. ఆ పూట మీ ఫోను నా దగ్గరుంటుంది. ఇంటినుంచి ఫోనొస్తే నేను మాట్లాడతాను. మీరు తిప్పండి.”